స్కూల్ మ్యూజికల్‌కు సెట్ కట్టడం: బెంగళూరు తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

దసరా సెలవులు అయిపోగానే బెంగళూరు స్కూళ్లలో యాన్యువల్ డే హడావుడి మొదలవుతుంది. ఒకప్పుడు క్లాసుకో డాన్సు ఉండేది. ఇప్పుడు చాలా స్కూళ్లు ఒకే కథను తీసుకుని, పాటలతో గంటో గంటన్నరో మ్యూజికల్ వేయిస్తున్నాయి. 'సెట్ పనికి పేరెంట్ వాలంటీర్లు కావాలి' అని గ్రూపులో మెసేజ్ రాగానే ఎవరో ఒకరు మన పేరు ఇచ్చేస్తారు. ఇంట్లో డ్రిల్ మెషిన్ ఉండటమే మన అర్హత.

ఆ పని ఒప్పుకున్నవాళ్ల కోసం ఇది. వడ్రంగం రాకపోయినా ఫర్వాలేదు. కొలత తీసుకోవడం, స్క్రూ బిగించడం, అవసరమైన చోట 'వద్దండీ' అనడం వస్తే చాలు. ఈ చివరిదే కష్టం. మీటింగులో ఒకరు జలపాతం కావాలంటారు, ఇంకొకరు రెండంతస్తుల కోట అంటారు. స్టేజి మీద నలభై మంది పిల్లలు ఒకేసారి గెంతుతారన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాదు. ముందుగా సెట్ పడిపోకుండా నిలబడాలి, పిల్లల దారికి అడ్డు రాకూడదు, పాట అయ్యేలోగా మారిపోవాలి. అందం సంగతి ఆ తర్వాతే చూసుకోవాలని నా అభిప్రాయం. ఇక్కడ చెప్పే క్రమం కూడా అదే.

మొదటి అడుగు: స్క్రిప్టు చదవడం

చెక్క కొనడానికి ముందు స్క్రిప్టు తెప్పించుకుని, ప్రతి సీనుకు నాలుగు సంగతులు రాసుకోండి. అది ఎక్కడ జరుగుతుంది, అందులో ఎంతమంది ఉంటారు, పిల్లలు దేన్ని నిజంగా ముట్టుకుంటారు, తర్వాతి సీనుకు ముందు ఎన్ని సెకన్ల సంగీతం ఉంది. తలుపు తీసుకుని రావాలా? అరుగు మీద కూర్చోవాలా? ముట్టుకునేవాటిని గట్టిగా కట్టాలి. మిగతాది రంగు వేసిన బొమ్మ అయినా సరిపోతుంది.

ఈ వ్యాసంలో ఉదాహరణకు అడవి, సంత, రాజసభ అనే మూడు చోట్ల నడిచే కథ అనుకుందాం.

మీ స్కూలు సొంత కథ కాకుండా, మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థల నుంచి పిల్లల కోసం కుదించిన నాటకానికి లైసెన్సు తీసుకుంటుంటే ఒక మాట. ఆ అనుమతి స్క్రిప్టుకు, పాటలకు వర్తిస్తుంది. సినిమాలో చూసిన కోటను అచ్చంగా దించుకోవడానికి అది చాలదు. సెట్ మీ ఊహతోనే గీయండి.

రెండో అడుగు: హాలు కొలతలు

స్టేజి వెడల్పు, లోతు, తెర ఎత్తు ఎలాగూ కొలుస్తారు. మరిచిపోయేవి వేరే ఉంటాయి: వింగ్స్‌లో, అంటే స్టేజికి రెండు పక్కలా ప్రేక్షకులకు కనబడకుండా ఉండే చోట్లలో, ఎంత చోటుంది, సామాను వచ్చే తలుపు ఎంత వెడల్పు, మెట్లున్నాయా ర్యాంపు ఉందా, 15 ఆంపియర్ల ప్లగ్గులు ఎక్కడున్నాయి, బయటికి పోయే దారులు ఏవి. ముందు వరుసలో ఎడమ చివరి సీట్లో ఒకసారి, కుడి చివరి సీట్లో ఒకసారి కూర్చుని చూడండి. వింగ్స్‌లో నిలబడ్డ టీచర్ కనిపిస్తోందంటే అక్కడ ఒక అడ్డు కావాలి.

స్కూలు హాలు కాకుండా బయటి ఆడిటోరియం అద్దెకు తీసుకుంటే లెక్క మారుతుంది. సాధారణంగా ప్రదర్శన రోజు ఉదయమే స్టేజి చేతికొస్తుంది. కాబట్టి రెండు మూడు గంటల్లో నిలబెట్టగలిగినదే కట్టాలి. వీలైతే ఈలోగా పిల్లల్ని తీసుకుని జేపీ నగర్‌లోని రంగశంకరలోనో, జేసీ రోడ్డు మీదున్న రవీంద్ర కళాక్షేత్రలోనో ఒక నాటకం చూడండి. కన్నడం అంతంతమాత్రమే అర్థమైనా నష్టం లేదు. రెండు స్టూళ్లు, ఒక గుడ్డతో ఊరంతా ఎలా చూపిస్తారో గమనిస్తే చాలు.

ఇంటికొచ్చాక అడుగుకు అర అంగుళం లెక్కన అట్టతో చిన్న నమూనా చేయండి. ముప్పై అడుగుల స్టేజి పదిహేను అంగుళాల్లో వస్తుంది, నాలుగున్నర అడుగుల పిల్లవాడు రెండుంపావు అంగుళాలు ఉంటాడు. ఆ కొలతలో కాగితం మనుషులను కత్తిరించి నిలబెట్టండి. రెండంతస్తుల కోట అడిగినవాళ్లకు మీరు వేరే ఏమీ చెప్పనక్కర్లేదు. తర్వాత రిహార్సల్ గదిలో నేల మీద అసలు కొలతల్లో మాస్కింగ్ టేపు అంటించి, డాన్సు టీచర్‌తో ఒక పాట ఆడించి చూడమనండి. టేపు తొక్కుతున్నారంటే మార్చాల్సింది సెట్‌నే, డాన్సును కాదు.

మూడో అడుగు: త్రికోణపు గోడలు

మూడు చోట్ల కథకు నేను సూచించేది ఇదొక్కటే. ఎనిమిది అడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పున్న మూడు పలకలను త్రికోణంగా కలిపి, కింద చక్రాలు పెట్టాలి. ఒక వైపు అడవి, ఒక వైపు సంత, మూడో వైపు రాజసభ. ఇలాంటివి మూడు చేసి పక్కపక్కన నిలిపితే పన్నెండు అడుగుల గోడ అవుతుంది. తిప్పితే చోటు మారిపోతుంది. పాత గ్రీకు నాటకశాలల్లో వాడిన ఉపాయమే ఇది. వింగ్స్‌లో చోటు లేని మన స్కూలు హాళ్లకు బాగా నప్పుతుంది, ఎందుకంటే ఏదీ బయటికి తీసుకెళ్లక్కర్లేదు.

ఎల్‌ఈడీ స్క్రీన్ అద్దెకు తెస్తే ఇవన్నీ ఎందుకని అడుగుతారు. స్క్రీన్ వెలుగు ఎక్కువైతే ముందున్న పిల్లల ముఖాలు చీకట్లో పడతాయి. తప్పనిసరిగా తెస్తుంటే వెలుగు తగ్గించమని ఆపరేటర్‌కు ముందే చెప్పి ఉంచండి.

నాలుగో అడుగు: సామాను కొనడం

చెక్కకు మైసూరు రోడ్డులోని టింబర్ యార్డ్ లేఅవుట్, కరెంటు సామానుకు ఎస్పీ రోడ్డు, కాగితాలకు, అట్టలకు అవెన్యూ రోడ్డు, గుడ్డకు చిక్కపేట. పేటల్లో పాత దుకాణదారులు చాలామందికి తెలుగు వచ్చు. 'ఏమండీ, స్కూల్ పిల్లల నాటకానికి' అంటే ధరలో కాస్త మెత్తబడతారు కూడా. మీరుండేది వైట్‌ఫీల్డో సర్జాపురమో అయితే, నాలుగు పలకల కోసం ఊరు దాటి వెళ్లకుండా దగ్గరి ప్లైవుడ్ షాపులోనే తీసుకోండి. టెంపో బాడుగ కలిసొస్తుంది.

ఫ్రేముకు రెండంగుళాలు బై అంగుళం పైన్ రీపర్లు, అంటే సన్నని చెక్క పట్టీలు, చాలు. పైపలకకు రెండు దారులున్నాయి. 4 ఎం.ఎం. ప్లై వేస్తే ఒక్కో ఫ్లాట్ (ఫ్రేము, పైపలక కలిపిన గోడ పలకను ఇలా అంటారు) దాదాపు 14 కిలోలు ఉంటుంది, గట్టిగా ఉంటుంది. ముతక కోరా గుడ్డ లాగి కడితే సగం బరువే, కానీ పిల్లవాడు మోచేయి ఆనిస్తే నొక్కుకుంటుంది. తిరిగే త్రికోణాలకు ప్లై, కదలకుండా వెనక నిలబడేవాటికి గుడ్డ వాడండి. ఎక్కి నిలబడే అరుగుకు మాత్రం 18 ఎం.ఎం. ప్లైకి తగ్గొద్దు. అది ఒక షీటే 30 కిలోలు దాటుతుంది, మోయడానికి ఇద్దరు కావాలి. మెరైన్ ప్లై దండగ. సెట్ మీద వాన పడదు, తేమను కాస్త తట్టుకునే మామూలు ఎం.ఆర్. రకం చాలు.

అమెరికాలో ఉన్న అక్కో బావో వాళ్ల పిల్లల స్కూలు డ్రాయింగులు పంపితే సంతోషంగా తీసుకోండి, కానీ కొలతలు నమ్మకండి. అక్కడ రెండు బై నాలుగు అని అమ్మే చెక్క నిజంగా కొలిస్తే ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే ఉంటుంది. ఇక్కడి చెక్కతో మళ్లీ లెక్క కట్టుకోవాలి.

థర్మోకోల్ ఊసెత్తగానే ఆపండి. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. ఫ్లెక్స్ బ్యానర్లకు కర్ణాటకలో 2016 నుంచే నిషేధం ఉంది. చట్టం సంగతి అటుంచితే, థర్మోకోల్ తొందరగా అంటుకుంటుంది, దట్టంగా నల్లటి పొగ వదులుతుంది. చెట్టు బెరడుకు, రాళ్లకు పాత న్యూస్‌పేపర్లు, మైదా జిగురు ఉన్నాయి కదా. పురుగు పట్టకుండా జిగురులో మైలతుత్తం కలపడం పాత అలవాటు. అది విషం, పిల్లలు చేతులు పెట్టే చోట వద్దు. జిగురు ఏ రోజుకారోజు వండుకుంటే సరిపోతుంది.

ఐదో అడుగు: ఒక ఫ్లాట్ తయారీ

రెండు నిలువు రీపర్లు ఎనిమిది అడుగులవి, వాటి మధ్య నాలుగు అడ్డకర్రలు. అంటే ఫ్లాట్‌కు ఇంచుమించు 32 అడుగుల రీపర్ పడుతుంది. అడ్డకర్రలు నిలువుల మధ్య ఇరుక్కుంటాయి కాబట్టి వాటి పొడవు నాలుగడుగులు ఉండదు. రీపర్ మందం సరిగ్గా అంగుళమైతే 46 అంగుళాలు. చిత్రిక పట్టాక ముప్పావు అంగుళమే మిగిలితే 46½. కోయించే ముందు టేపు పెట్టి మందం చూడండి. కార్పెంటర్ హిందీ మాట్లాడేవాడైతే 'సూత్' లెక్కలో చెబుతాడు. ఒక సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

సమంగా ఉన్న నేల మీద రీపర్లు అంచు మీద నిలబెట్టి పరవండి. మూలల్లో ముందు సన్నని రంధ్రం వేసి, ఆ తర్వాతే స్క్రూ బిగించండి. లేకపోతే పైన్ చీలుతుంది. నాలుగు మూలలూ బిగించాక మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండూ సమానంగా, 107 అంగుళాల పైచిలుకు రావాలి. తేడా ఉంటే పొడుగ్గా వచ్చిన వైపు మూలను నెట్టి సరిచేసి, అప్పుడు ప్లై పరిచి, ఫెవికాల్ రాసి, అడుగుకో స్క్రూ వేయండి. ఈ కొలత వదిలేస్తే మూడు ఫ్లాట్లు కలిపినప్పుడు త్రికోణం మూసుకోదు.

గుడ్డ ఫ్లాట్‌కైతే, ఫ్రేమును నేల మీద పరిచినట్టు బల్లపరుపుగా కలిపి, వెనక మూలల్లో త్రికోణపు ప్లై ముక్కలు వేసి బిగించాలి. గుడ్డను నాలుగు వైపులా మధ్య నుంచి మూలలకు స్టేప్లర్ గన్‌తో కొట్టుకుంటూ పోవాలి. మరీ బిగించొద్దు. నీళ్లు కలిపిన ఫెవికాల్ పూత ఆరేటప్పుడు కోరా గుడ్డ దానంతటదే ముడుచుకుని బిగుస్తుంది.

కార్పెంటర్‌ను పెట్టుకుంటే ఒకే షరతు పెట్టండి: మేకులు వద్దు, స్క్రూలే. మేకులతో పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ ప్రదర్శన అయ్యాక విప్పేటప్పుడు చెక్క పగులుతుంది, పైకి తేలిన మేకు పిల్లల కాళ్లకు గుచ్చుకుంటుంది.

ఆరో అడుగు: చక్రాలు, బరువు

మూడు ఫ్లాట్లను త్రికోణంగా నిలబెట్టి, లోపలి గీతను 18 ఎం.ఎం. ప్లై మీద దించుకుని కోయండి. అదే అడుగుపలక. దాని కింద మూడంగుళాల కాస్టర్ చక్రాలు, అన్ని దిక్కులా తిరిగేవి, ఒక్కోటి కనీసం 50 కిలోలు మోసేవి, మూలకొకటి చొప్పున వేయండి. వీలైనంత అంచుకు వేస్తేనే నిలకడ. చక్రం మొత్తం ఎత్తు కొలిచి, ఫ్లాట్ల కింది అంచు నేలకు అర అంగుళం పైన తేలేలా అడుగుపలకను లోపల బిగించాలి. అంతకన్నా పైకి ఉంటే చక్రాలు కనిపిస్తాయి, కిందికి ఉంటే కేబుల్ మీద ఇరుక్కుంటుంది.

రెండు ఫ్లాట్లను స్క్రూలతో పక్కాగా కలపండి. మూడోదాన్ని పిన్ను ఊడదీయగలిగే బందులతో వేయండి. పిన్ను లాగితే అది విడిపోతుంది, లోపల ఇసుక సంచులు పెట్టుకోవచ్చు. ఒక్కో త్రికోణంలో 20 కిలోల ఇసుక నేల దగ్గరే ఉంచండి. ఎనిమిదడుగుల ఎత్తున్నదాన్ని పిల్లలు పైనుంచి తోస్తే ఒరుగుతుంది, ఇసుకను దండగ అనుకోవద్దు. సీను నడుస్తున్నంతసేపూ వెనక మూలలో, ఆ అర అంగుళం సందులో, ఏటవాలుగా కోసిన చెక్కముక్క దూర్చితే కదలదు. మీరు వయసులో పెద్ద, బరువులో పెద్ద కాబట్టి, పరీక్షగా మీరే భుజంతో నెట్టి చూడండి.

కదలని ఫ్లాట్లకు వెనక త్రికోణపు ఊతం కావాలి. నేల మీద దాని పొడవు రెండున్నర, మూడడుగులు, ఫ్లాట్‌కు తగిలే చోటు ఐదున్నర అడుగుల ఎత్తు, దాని మీద ఇసుక సంచి. హాలు నేలకు స్క్రూ కొట్టడానికి ఎవరూ ఒప్పుకోరు, అడగొద్దు కూడా.

రాజసభ అరుగు

పైపలక కింద ప్రతి రెండడుగులకూ ఒక అడ్డదూలం ఉండాలి. మెట్టు ఎత్తు ఆరంగుళాలు, కాలు పెట్టే వెడల్పు పదకొండుకు తగ్గొద్దు. రాజుగారు పట్టుపంచెలో, మంత్రిగారు చెల్లెలి శాలువాతో ఎక్కాలి మరి. అంచులకు తెల్ల టేపు, అరుగు ఎత్తు రెండడుగులు దాటితే వెనక, పక్కల రైలింగు. ఏడెనిమిది మంది పెద్దవాళ్లు ఎక్కి ఒకేసారి గెంతి చూసిన తర్వాతే పిల్లల్ని ఎక్కించండి.

చుట్టే తెర

త్రికోణాలకు డబ్బు చాలకపోతే, లేదా కొండలు, నది లాంటి పెద్ద దృశ్యం కావాలంటే రంగుల తెర వేయండి. మన సురభి నాటక సమాజాలు దీనిలో ఆరితేరినవి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ సంప్రదాయంలో ఒక తెర లేస్తే అడవి, ఇంకో తెర దిగితే రాజభవనం. బెంగళూరులో పెరిగే పిల్లలకు ఆ పేరు చెప్పడానికి కూడా ఇదొక సందు.

కట్టే పద్ధతి బాల్కనీలో ఎండకు వేసే వెదురు చాప తెర లాంటిదే. గుడ్డ పై అంచును ఒక కర్రకు బిగించి, కింది అంచును మూడు, నాలుగు అంగుళాల పీవీసీ పైపుకు చుట్టి అంటించాలి. రెండు చివర్లా తాడును పైకర్రకు వెనక వైపు కట్టి, గుడ్డ వెనకగా దించి, పైపు కిందుగా తిప్పి, ముందు వైపు నుంచి పైన ఉన్న కప్పీలోకి తీసుకెళ్లాలి. రెండు తాళ్లూ ఒకే వైపు వింగ్‌లోకి వచ్చేలా చేస్తే ఒకే మనిషి లాగగలడు. లాగితే పైపు దొర్లుతూ గుడ్డను చుట్టుకుంటూ లేస్తుంది. పది అడుగుల వెడల్పు దాటితే పైపు మధ్యలో వంగుతుంది, రెండు తెరలు చేసుకోవడం మేలు. పిల్లల తలల మీద వేలాడేది కాబట్టి హాలువాళ్లు చూపించిన చోటే కట్టండి. తాడు తెగినా పైకర్ర కింద పడకుండా విడిగా గొలుసు వేయండి.

రంగులు

గ్లాసీ పెయింటు వద్దు, లైటు పడితే మెరుస్తుంది. లేత రంగు మ్యాట్ ఎమల్షన్ ఒక పెద్ద బకెట్ కొని, చిన్న సీసాల స్టెయినర్లు కలుపుకుంటే అన్ని రంగులూ వస్తాయి. తెల్లటి గోడ కావాలంటే కాస్త బూడిద రంగు కలపండి, అచ్చ తెలుపు స్టేజి లైట్లకు కళ్లు చెదరగొడుతుంది. ఇరవై అడుగుల అవతల సన్నగీతలు కనిపించవు. ఆకు ఈనెలు గీస్తూ కూర్చున్న నాన్నలను చూస్తే నాకు ముచ్చటే కానీ, ఆ శ్రమ ఐదో వరుస దాటదు. పెద్ద నీడలు, పెద్ద వెలుగులు వేయండి. స్పాంజితో అద్దితే ఇటుక గోడ, ఆరీ ఆరని బ్రష్షుతో ఈడిస్తే చెక్క నార. లైటింగు వాళ్లు నీలం లైటు వేస్తారంటే ఎర్ర రంగు నల్లగా కనిపిస్తుందని గుర్తుపెట్టుకోండి.

రంగులు పిల్లలతో వేయించండి, కోతలు మాత్రం పెద్దవాళ్లవి. పవర్ టూల్స్ పని పిల్లలు లేని వేళ, కళ్లజోడు, మాస్కు, బూట్లు వేసుకుని చేయాలి.

నిప్పు, కరెంటు

గుడ్డ తెరలకు నిప్పు త్వరగా అంటకుండా ఒక పాత పద్ధతి ఉంది. రెండు లీటర్ల వేడినీళ్లలో 200 గ్రాముల బోరాక్స్, 85 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, రంగు వేయకముందే గుడ్డను తడిపి ఆరేయాలి. ఒక ముక్కను బయటికి తీసుకెళ్లి అగ్గిపుల్లతో పరీక్షించండి. ఉతికితే ఈ గుణం పోతుంది, పొడులు పిల్లలకు అందకూడదు. ఇది ఉంది కదా అని స్టేజి మీద నిజం దీపాలు పెట్టొద్దు. సెట్ మీద లైట్లు కావాలంటే 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్పులే వాడి, వాటి అడాప్టరును వింగ్‌లో ఉంచండి. వైర్లు నడిచే దారిలో పడితే పైన టేపు వేయండి. బయటికి పోయే తలుపు ముందు సెట్ ముక్క ఒక్కటి కూడా నిలబెట్టొద్దు, ఐదు నిమిషాలకైనా సరే.

సీను మార్పుల రిహార్సల్

పాటలకు ఎన్ని రిహార్సళ్లు చేస్తారో సీను మార్పులకు ఒక్కటి కూడా చేయరు. ఇది డ్రామా టీచర్‌ను గట్టిగా అడిగి తీసుకోవాల్సిన సమయం. నల్ల టీషర్టులు వేసిన పై తరగతి పిల్లలను త్రికోణానికి ఇద్దరిని పెట్టి, ఎవరు ఏ మూల పట్టాలి, ఎటు తిప్పాలి, చెక్కముక్క ఎవరు తీస్తారు అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. నేల మీద చీకట్లో మెరిసే టేపుతో గుర్తులు. ముందు వెలుగులో, తర్వాత చీకట్లో, చివరికి సంగీతంతో చేయించండి. సంగీతం అయిపోయాక కూడా త్రికోణం తిరుగుతుంటే సెట్‌లో ఏదో ఒకటి తగ్గించండి. సాధారణంగా బండి, బావి, లేదా ఎవరూ కూర్చోని సింహాసనం.

రవాణా రోజు

టాటా ఏస్ వెనక భాగం పొడవు ఏడడుగుల పైచిలుకే. ఎనిమిదడుగుల ఫ్లాట్ వెనక బయటికి వస్తుంది, ఎర్రగుడ్డ కట్టి తాళ్లతో బిగించాలి. రద్దీ వేళల్లో నగరంలో సరుకు బళ్ల మీద ఆంక్షలుంటాయి, తెల్లవారుజామునే బయల్దేరండి. టార్పాలిన్ లేకుండా కదలొద్దు. ఎండ ఎంత కాస్తున్నా బెంగళూరు సాయంత్రం వాన సంగతి మీకు తెలిసిందే. వెంట ఒక డబ్బా ఉండాలి: డ్రిల్, అదనపు స్క్రూలు, బందు పిన్నులు, కలిపిన రంగులు కొద్దికొద్దిగా, టేపు, ప్లాస్టర్లు.

విప్పే పని ఎవరిదన్నది ప్రదర్శనకు ముందే పేర్లతో రాసుకోండి. ఆ రాత్రి అందరూ పిల్లలతో ఫొటోలు దిగి వెళ్లిపోతారు. చక్రాలు, బందులు, స్క్రూలు విడివిడి డబ్బాల్లో పెట్టి, ఫ్లాట్లకు వెనక నంబర్లు వేసి, కొలతల కాగితం ఒకదానికి అంటించి స్కూలు స్టోరులో అప్పగించండి. వచ్చే ఏడు ఆ పలకల మీద మళ్లీ తెల్ల పూత వేస్తే చాలు, వాలంటీర్లు వేరేవాళ్లైనా.